పికప్‌కు ఎన్ని యూనిట్ల బ్యాటరీ కావాలి? గాజువాక నుంచి అరకు దాకా ఒక లెక్క

విశాఖలో ఎలక్ట్రిక్ పికప్ గురించి మాట మొదలైతే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? సొంత కారు కొనేవాళ్లకు ఆ ప్రశ్న చాలు. కిరాయికి తిప్పే బండికి చాలదు. బ్యాటరీ పెద్దదైతే దూరం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు తొట్టిలో ఎత్తగలిగే సరుకు తగ్గుతుంది, నెలనెలా కట్టే కిస్తీ పెరుగుతుంది. అందుకే షోరూంలో చెప్పే రేంజి చూసి కాకుండా, బండి రోజూ తిరిగే దారిని చూసి బ్యాటరీ లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకు ఇంజనీరింగ్ పట్టా ఏమీ అక్కర్లేదు. పదో తరగతి ఫిజిక్సు గుర్తుండి, ఫోన్‌లో క్యాల్కులేటర్ ఉంటే సరిపోతుంది.

బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్-అవర్లలో చెబుతారు. కరెంటు బిల్లులో యూనిట్ అని రాసేది దాన్నే. కాబట్టి ఇక్కడ కూడా యూనిట్లనే వాడితే లెక్క తేలిగ్గా ఉంటుంది. చిన్న ఖర్చుల దగ్గర వాట్-అవర్లు వస్తాయి. వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్.

మార్కెట్లో ఉన్న బండ్లు చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీలో 21.3 యూనిట్ల బ్యాటరీ ఉంది, సర్టిఫికెట్ ప్రకారం రేంజి 154 కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకు 138 వాట్-అవర్లు. 2025లో వచ్చిన ఏస్ ప్రో ఈవీ ఇంకా చిన్నది: 14.4 యూనిట్లు, 155 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 93. ఇవి టెస్టులో వచ్చిన అంకెలు. ఫుల్ లోడుతో ఎండలో, ట్రాఫిక్‌లో నడిచే బండికి ఇవి రావని ఏ డ్రైవరునడిగినా చెబుతాడు. మరో కొసన అమెరికా పికప్‌లు ఉన్నాయి. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌లో పెద్ద బ్యాటరీ 131 యూనిట్లు. హమ్మర్ ఈవీ పికప్‌లో ఒక్క బ్యాటరీ బరువే 1,300 కిలోల దాకా ఉంటుంది, మొత్తం బండి నాలుగు టన్నులు దాటుతుంది. ఇక్కడ ఒక బొలెరో పికప్ మోసే సరుకంత బరువు అక్కడ బ్యాటరీదే అన్నమాట. అక్కడ పికప్ అంటే చాలామందికి ఇంటి బండి కూడా. పూర్ణా మార్కెట్‌కు ఉల్లి బస్తాలు దించే బండికి ఆ కొలతలు పనికిరావు.

ఉదాహరణకు బొలెరో పికప్ తరగతి బండి ఒకటి అనుకుందాం. ఖాళీ బరువు 1,800 కిలోలు, సరుకు 1,200, మొత్తం మూడు టన్నులు.

రోడ్డు ఎంత అడుగుతుంది

సమతలం మీద ఒకే వేగంతో పోయే బండిని వెనక్కి లాగేవి రెండు: టైర్లు, గాలి. మంచి రేడియల్ టైర్లు తారు రోడ్డు మీద బరువులో నూటికి ఒక వంతు బలంతో లాగుతాయి. మూడు టన్నులకు అది సుమారు 294 న్యూటన్లు. ఈ లాగుడు బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. గాలి వ్యవహారం వేరు. పికప్ ముందు భాగం మొండిగా ఉంటుంది, వెనక సరుకు మీద టార్పాలిన్ కప్పితే ఇంకా అధ్వానం. గాలిని చీల్చే గుణకాన్ని 0.5గా, ఎదురు వైశాల్యాన్ని 3.2 చదరపు మీటర్లుగా తీసుకుంటే 50 కిలోమీటర్ల వేగంలో గాలి లాగుడు 177 న్యూటన్లు, 60లో 256, 80లో 454. వేగం 60 నుంచి 80కి పోయేసరికి గాలి ఒక్కటే దాదాపు 200 న్యూటన్లు ఎక్కువ అడుగుతోంది.

న్యూటన్లను కరెంటులోకి మార్చడం తేలికే. ఒక న్యూటన్ బలంతో కిలోమీటరు నెడితే 0.278 వాట్-అవర్ ఖర్చవుతుంది. బ్యాటరీ నుంచి చక్రం దాకా వచ్చేలోపు బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌లో, మోటారులో, గేర్లలో పోయేది పోగా నూటికి 85 చేరుతుందనుకుంటే, ఫుల్ లోడు బండికి 60 వేగంలో కిలోమీటరుకు 180 వాట్-అవర్లు, 80లో 244. లైట్లు, పవర్ స్టీరింగ్, ఫ్యాన్లు, పంపులు కలిపి మరో అర కిలోవాట్ తింటాయి. హైవేలో అది కిలోమీటరుకు ఏడెనిమిది వాట్-అవర్లే. గంటకు 20 కిలోమీటర్లు కూడా సాగని సిటీలో అదే 25 అవుతుంది. ఏసీ ఉంటే గంటకు మరో యూనిట్ దాకా వేసుకోవాలి. విశాఖ ఉక్కపోతలో ఏసీని విలాసంగా లెక్కగట్టి కొట్టేయడం కుదరదు. రోజుకు నాలుగు గంటలు నడిస్తే నాలుగు యూనిట్లు.

టైర్లలో గాలి గురించి ఒక మాట. గాలి తగ్గి టైరు లాగుడు మూడో వంతు పెరిగిందనుకోండి, కిలోమీటరుకు సుమారు 30 వాట్-అవర్లు అదనంగా పోతాయి. డీజిల్ బండిలో ఈ నష్టం కనపడదు, బంకులో ఇంకో రెండు లీటర్లు కొట్టిస్తే సరి. ఎలక్ట్రిక్ బండిలో సాయంత్రానికి మీటరు మీదే కనిపిస్తుంది.

సిటీలో లెక్క ఇంకో రకం. ఎన్ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం, మద్దిలపాలెం మీదుగా తిరిగే బండికి గాలి సమస్య కాదు, ఆగడమే సమస్య. మూడు టన్నుల బండిని 40 వేగానికి తెచ్చేసరికి అందులో 51 వాట్-అవర్ల శక్తి చేరుతుంది. డీజిల్ బండిలో బ్రేకు తొక్కగానే అదంతా వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ బండిలో మోటారే జనరేటర్‌గా మారి కొంత వెనక్కి పంపుతుంది. మళ్లీ వేగం అందుకునేటప్పుడు పోయే దాంట్లోంచి తిరిగొచ్చేది తీసివేస్తే ఒక్కో ఆగుడుకు సుమారు 30 వాట్-అవర్ల నష్టం. కిలోమీటరుకు ఒకసారి ఆగుతుందనుకుంటే ఏసీ లేకుండా ఫుల్ లోడుతో కిలోమీటరుకు 190, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు 140, సగటున 165 వాట్-అవర్లు. గాజువాక ఆటోనగర్ నుంచి సరుకెత్తి సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వైపు దించి వచ్చే బండి రోజుకు 80 కిలోమీటర్లు తిరిగితే అయ్యే ఖర్చు 13 యూనిట్లు. ఏసీతో 17. చాలామంది ఊహించేదానికంటే ఇది తక్కువ. ఆరేడు రూపాయల ధరకు ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకుంటే రోజుకు నూట ఇరవై రూపాయలు దాటదు.

అనకాపల్లి లెక్క, వేగం ఖరీదు

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. అక్కడి నుంచి బెల్లం దిమ్మలో, కూరగాయలో ఎత్తుకుని 16వ నంబరు జాతీయ రహదారి మీద సిటీకి వచ్చే బండి రోజుకు రెండు ట్రిప్పులు వేస్తే సుమారు 150 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు లోడు, పోయేటప్పుడు ఖాళీ. 60 వేగంలో నడిపితే సగటున కిలోమీటరుకు 170, రోజుకు 25 యూనిట్లు. 80లో నడిపితే కిలోమీటరుకు 230, రోజుకు 35 యూనిట్లు.

ఈ పది యూనిట్ల తేడా దగ్గర కాస్త ఆగాలి. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు. నూటికి 90 వంతులే వాడుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది, 80 శాతానికి పడిపోయినా బండి అదే దారిలో పని చేయాలి. రెండూ గుణిస్తే 0.72. అంటే రోజుకు 25 యూనిట్లు కావాలంటే 35 యూనిట్ల బ్యాటరీ కొనాలి, 35 కావాలంటే 49 కొనాలి. డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు కాస్త గట్టిగా పెట్టినందుకు యజమాని 14 యూనిట్లు అదనంగా కొనాలన్నమాట. కింద వేసిన ధర ప్రకారం అది లక్షా డెబ్బై వేల పైమాట, బరువులో 120 కిలోలు. దీనికి బదులు మిగిలేది రోజు మొత్తానికి నలభై నిమిషాల కంటే తక్కువ సమయం. అదీ దారంతా 80లో పోగలిగితే. లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక ట్రాఫిక్ తెలిసినవాళ్లకు ఆ నలభై నిమిషాల్లో నిజంగా చేతికొచ్చేది ఎంతో తెలుసు. బండికి వేగ పరిమితి పెట్టుకోవడం కంటే చవకైన బ్యాటరీ లేదు.

ఘాట్ రోడ్డు అనుకున్నంత భయపెట్టదు

ఎలక్ట్రిక్ పికప్ అనగానే విశాఖలో రెండో ప్రశ్న అరకు. "ఘాట్ ఎక్కుతుందా?" ఎక్కడం మోటారు పని, బ్యాటరీది కాదు, ఆ విషయంలో ఎలక్ట్రిక్ మోటారు డీజిల్ ఇంజనుకు ఏమాత్రం తీసిపోదు. ఆగి ఉన్న చోటి నుంచే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. అసలు చూడాల్సింది ఎన్ని యూనిట్లు పోతాయన్నది.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. మూడు టన్నులను 900 మీటర్లు పైకి లేపడానికి కావాల్సిన శక్తి 7.4 యూనిట్లు, నష్టాలతో కలిపి 8.7. కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా నడిచే దూరానికి అయ్యేది మరో 18 యూనిట్ల దగ్గర. మొత్తం మీద పైకి చేరేసరికి 26 నుంచి 27 యూనిట్లు. అక్కడి నుంచి అంతే బరువు కూరగాయలు ఎత్తుకుని దిగితే, ఎక్కేటప్పుడు పెట్టిన 7.4 యూనిట్లలో నాలుగు పైచిలుకు వెనక్కి వస్తాయి; దిగడానికి 13 నుంచి 14 చాలు. రానుపోను 40 యూనిట్లు. ఘాట్‌లో దారి ఒకేలా ఎక్కదు, మధ్యలో దిగి మళ్లీ ఎక్కుతుంది కాబట్టి ఒకటి రెండు కలుపుకోవచ్చు. అయినా కిలోమీటరుకు 175 నుంచి 185. సిటీ ఖర్చుకు పెద్ద తేడా లేదు! ఘాట్‌లో పోయిందనుకున్నది సగానికి పైగా దిగేటప్పుడు తిరిగొస్తుంది, సిటీ సిగ్నళ్ల దగ్గర పోయింది అంతగా రాదు.

దిగేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అరకులో బ్యాటరీని నూటికి నూరు నింపుకుని బయల్దేరితే తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు. అప్పుడు రీజెన్, అంటే మోటారు కరెంటును వెనక్కి పంపే పని, ఆగిపోయి, బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అనంతగిరి మలుపుల్లో లోడుతో దిగే బండికి అది మంచిది కాదు. 85 శాతం దగ్గర ఆపేసి బయల్దేరడమే నయం.

రానుపోను చార్జింగ్ లేకుండా పోవాలంటే 40ని 0.72తో భాగించాలి, అంటే 56 యూనిట్ల బ్యాటరీ. పైన ఎక్కడో ఒక చోట ప్లగ్ దొరికితే 37 చాలు. ఆ ప్లగ్ ఫాస్ట్ చార్జరే కానక్కర్లేదు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్ గంటకు మూడు యూనిట్లు ఇస్తుంది, కూరగాయలు తూకం వేసి ఎత్తే రెండు మూడు గంటల్లో ఆరు నుంచి తొమ్మిది యూనిట్లు. కొత్త బ్యాటరీకి ఆ మాత్రం అందితే బండి ఇంటికి చేరుతుంది. బ్యాటరీ పాతబడ్డాక మాత్రం ఫాస్ట్ చార్జర్ కావాల్సిందే. అదనంగా 19 యూనిట్ల బ్యాటరీ కొనాలా, అరకులో ఒక సాకెట్ మాట్లాడుకోవాలా అన్నది నెలకు ఎన్నిసార్లు పైకి పోతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

బరువు: కిలోమీటర్లను కాదు, కిరాయిని తింటుంది

నాలుగు చక్రాల సరుకు బండ్లలో ఇక్కడ ఎక్కువగా వాడేది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కో సెల్ 3.2 వోల్టులు. మార్కెట్లో బాగా తెలిసిన 280 ఆంపియర్-అవర్ల సెల్ ఒక్కటి 0.9 యూనిట్ల దాకా దాచుకుంటుంది, 5.4 కిలోలు తూగుతుంది. కిలోకు 166 వాట్-అవర్లు. 40 యూనిట్లకు అలాంటివి 45 కావాలి, బరువు 243 కిలోలు. నిజానికి బండిలో ఇంత పెద్ద సెల్స్ 45 పేర్చరు. వోల్టేజి 144 దగ్గరే ఆగిపోయి వైర్లలో కరెంటు వందల ఆంపియర్లు దాటుతుంది, రాగి లావు పెరుగుతుంది. 125 ఆంపియర్-అవర్ల సెల్స్ వంద పేరిస్తే 320 వోల్టులు వస్తాయి, యూనిట్లు అవే 40. సెల్స్ బరువు మాత్రం ఎటు చూసినా 240 కిలోల చుట్టుపక్కలే.

సెల్స్ ఒక్కటే బ్యాటరీ కాదు. వాటిని పట్టి ఉంచే ఫ్రేము, అల్యూమినియం పెట్టె, చల్లబరిచే ప్లేట్లు, ఫ్యూజులు, కాంటాక్టర్లు, ప్రతి సెల్‌నూ కనిపెట్టి ఉండే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం) అన్నీ కలిస్తే మొత్తం బరువులో సెల్స్ వాటా 70 శాతమే. 243ను 0.7తో భాగిస్తే దాదాపు 345 కిలోలు. చోటు విషయానికొస్తే సెల్స్‌కు 115 లీటర్లు, పెట్టెతో కలిపి 200 లీటర్ల దగ్గర. మీటరున్నర పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 22 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే ఛాసిస్ రెండు కమ్మీల మధ్య, ఇంతకుముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగిన చోట పట్టేస్తుంది.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసినవాళ్లకు బ్యాటరీల బరువంటే ఏమిటో కొంత తెలుసు. 1969లో నౌకాదళంలో చేరిన ఆ సబ్‌మెరైన్ నీటి అడుగున నడిచింది లెడ్-యాసిడ్ బ్యాటరీల మీదే. మునగాల్సిన ఓడకు బరువు ఉండాల్సిందే, అది అక్కడ తప్పు కాదు. ఆర్టీఏ తూకం కాటా మీద ఎక్కాల్సిన పికప్‌కు ప్రతి కిలోకూ లెక్కుంటుంది.

డీజిల్ ఇంజను, గేర్‌బాక్సు, నిండు ట్యాంకు, సైలెన్సరు తీసేసి మోటారు, ఇన్వర్టర్ పెడితే సుమారు 200 కిలోలు తగ్గుతాయి. కాబట్టి 40 యూనిట్ల బ్యాటరీ వల్ల నికరంగా పెరిగేది 145 కిలోలు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు మారదు గనుక ఆ 145 కిలోలు సరుకులోంచే పోవాలి. సిమెంటు బస్తాల్లో చెబితే మూడు బస్తాలు. 80 యూనిట్ల బ్యాటరీ పెడితే దాదాపు పది బస్తాలు. కొరియర్ పెట్టెలు, థర్మాకోల్, ఫోం పరుపులు మోసే బండికి తొట్టి ముందే నిండిపోతుంది, బరువు మీద పట్టింపు లేదు. సిమెంటు, ఇనుము, ఐసుతో కలిపిన చేపలు మోసే బండికి ప్రతి ట్రిప్పులోనూ నష్టమే.

ఇక్కడ చాలామంది లెక్క తిరగేసి చెబుతారు. బ్యాటరీ బరువెక్కితే ఆ బరువు మోయడానికే బ్యాటరీ అయిపోతుందని. లెక్క వేస్తే అలా కనపడదు. 20 యూనిట్లు అదనంగా పెడితే 170 కిలోలు పెరుగుతాయి. దాని వల్ల హైవేలో అదనపు ఖర్చు కిలోమీటరుకు ఐదారు వాట్-అవర్లు, మూడు శాతం. టైర్లలో గాలి చూసుకోకపోతే పోయేది దీనికి ఐదు రెట్లు. బరువు దెబ్బ రేంజి మీద కాదు, కిరాయి మీద. ఓవర్‌లోడుకూ ఇదే వర్తిస్తుంది: మరో అర టన్ను ఎక్కించినా బండి పది శాతం తక్కువ దూరం పోతుందంతే. కాకపోతే ఘాట్‌లో మోటారు, ఇన్వర్టర్ వేడెక్కి శక్తి తగ్గించుకుంటాయి, అప్పుడు వెనక వచ్చే వాహనాలన్నీ హారన్ మోగిస్తూ నిలబడాలి.

బరువు తగ్గించుకోవాలంటే ఎన్ఎంసీ రకం ఉంది, నికెల్, మాంగనీస్, కోబాల్ట్‌తో చేసేది. అదే 40 యూనిట్లు 240 కిలోల్లో వస్తాయి. వంద కిలోలు మిగిలినట్టే. కానీ ధర ఎక్కువ, ఆయుష్షు తక్కువ, వేడికి ఓర్పు తక్కువ. రోజూ నింపి రోజూ ఖాళీ చేసే కిరాయి బండికి ఎల్ఎఫ్‌పీ వైపే మొగ్గు. లిథియం బదులు సోడియంతో చేసే సోడియం-అయాన్ రకం పేరు కూడా వినిపిస్తోంది; చలిలో బాగా పనిచేయడం దాని పెద్ద గుణం. విశాఖకు దాంతో పనేముంది?

ధర: కొన్నప్పుడు ఒకటి, తిప్పినప్పుడు ఒకటి

ఇంధన మార్కెట్లను పరిశీలించే బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో లిథియం బ్యాటరీ ప్యాక్ సగటు ధర యూనిట్‌కు 115 డాలర్లు; అంతకు ముందు ఏడాది కంటే 20 శాతం తక్కువ. రూపాయల్లో పదివేలకు కాస్త అటూఇటూ. అయితే అది చైనా ధరలు బాగా కిందికి లాగిన సగటు. సెల్స్ దిగుమతి చేసుకుని, ఇక్కడ తక్కువ సంఖ్యలో ప్యాక్‌లు కట్టే కంపెనీకి ఆ ధర రాదు. పికప్ లెక్కకు యూనిట్‌కు 12,500 వేసుకోవడం జాగ్రత్తగా ఉంటుంది. 40 యూనిట్లకు ఐదు లక్షలు.

ఈ ఐదు లక్షలను కిలోమీటర్లలోకి మార్చితే అసలు సంగతి బయటపడుతుంది. ఎల్ఎఫ్‌పీ మూడు వేల చార్జింగులు తట్టుకుంటుందనుకుని, ఒక్కో చార్జింగులో 80 శాతం వాడుకుంటూ, వయసుతో తగ్గేది కూడా తీసేస్తే జీవితకాలంలో 86 వేల యూనిట్లు ఇస్తుంది. యూనిట్‌కు దాదాపు ఆరు రూపాయల బ్యాటరీ అరుగుదల. కిలోమీటరుకు ఒక్క రూపాయి. చార్జర్‌లో పోయేది కలిపి కరెంటు ఖర్చు, యూనిట్ ఏడు రూపాయలైతే, కిలోమీటరుకు 1.35. రెండూ కలిపి రెండున్నర లోపు. లీటరుకు 12 కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి, లీటరు 96 రూపాయల చొప్పున, కిలోమీటరుకు ఎనిమిది. ఎలక్ట్రిక్ బండి అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు.

అదే 40 యూనిట్ల బండిని సిటీలో రోజుకు 13 యూనిట్లకే తిప్పితే? ఏడాదికి 300 రోజులకు నాలుగు వేల యూనిట్లు కూడా దాటవు. వాడినా వాడకపోయినా బ్యాటరీ వయసు పెరుగుతూనే ఉంటుంది, వేడిలో ఇంకా త్వరగా. పదేళ్లు మన్నిందనుకున్నా అది ఇచ్చేది 40 వేల యూనిట్లు. ఒక్కోటి పన్నెండున్నర రూపాయలు పడుతుంది, కిలోమీటరుకు రెండు రూపాయలు. దీనికి వడ్డీ కలపాలి. ఐదు లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల కిస్తీ పెడితే మొదటి ఏడాది వడ్డీయే 55 వేల దాకా అవుతుంది. ఏడాదికి 24 వేల కిలోమీటర్లు తిరిగే బండికి కిలోమీటరుకు 2.30. కరెంటు కంటే వడ్డీ ఎక్కువ! అదే పనికి 20 యూనిట్ల బ్యాటరీ పెట్టి ఉంటే ఈ రెండు ఖర్చులూ సగానికి దిగేవి, ఇంకో 170 కిలోల సరుకు ఎక్కేది. "ఎప్పుడైనా అరకు పోవాల్సి వస్తే" అని కొనే అదనపు యూనిట్లు రోజూ తొట్టి కింద ఊరికే తిరుగుతూ వడ్డీ కట్టించుకుంటాయి. ఏడాదికి నాలుగుసార్లు పోయే ఘాట్ ట్రిప్పుకు వేరే బండి మాట్లాడుకున్నా యజమానికి డబ్బులు మిగులుతాయి.

దీనికి భిన్నంగా, రోజుకు రెండు అనకాపల్లి ట్రిప్పులు వేసే బండికి 40 యూనిట్లు బాగా గిట్టుబాటు. 45 వేల కిలోమీటర్ల మీద వడ్డీ పంచుకుపోతుంది. మధ్యాహ్నం దించే చోట గంటసేపు 7.4 కిలోవాట్ల చార్జర్ దొరికితే ఇంకా చిన్న బ్యాటరీతోనే పని జరుగుతుంది. గిడ్డంగుల దగ్గర, రైతు బజార్ల దగ్గర చార్జర్ ఉండడం బండ్ల యజమానులకు నేరుగా లక్షల్లో ఆదా. హైవే పక్క హోటళ్ల దగ్గర పెట్టే చార్జర్లు కార్లవాళ్లకు పనికొస్తాయి, పికప్‌వాళ్లకు సరుకు దించే చోటే కావాలి.

సబ్సిడీ మీద ఆశ పెట్టుకునే ముందు ఒకటి తెలుసుకోవాలి. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఎలక్ట్రిక్ ట్రక్కులకు ఇచ్చే ప్రోత్సాహకం మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన బండ్లకే. మూడు టన్నుల పికప్ అందులోకి రాదు. మూడు చక్రాల బండికి ఇచ్చారు, పెద్ద ట్రక్కుకు ఇచ్చారు, మధ్యలో ఉన్న పికప్‌కు ఇవ్వలేదు. ఊళ్లలో సరుకు మోసేది ఎక్కువగా అదే అయినా.

ఉప్పుగాలి, ఉక్క, తుపాను

కాగితం మీద కుదిరిన బ్యాటరీ ఫిషింగ్ హార్బర్‌లో కుదరకపోవచ్చు. చేపల బండి తొట్టిలోంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోజంతా కిందికి కారుతూనే ఉంటాయి, బ్యాటరీ ఉండేది సరిగ్గా ఆ కిందే. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయిన ఘటనల తర్వాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినమయ్యాయి. నాలుగు చక్రాల సరుకు బండ్లకు వర్తించేది ఏఐఎస్-038 రెండో సవరణ. పెట్టెకు ఐపీ 67 రేటింగ్ ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా హాని చేసేంత నీరు లోపలికి పోదని అర్థం. అయితే ఆ పరీక్ష కొత్త పెట్టెకు, మంచినీళ్లతో. ఏళ్ల తరబడి ఉప్పు తగిలాక రబ్బరు సీళ్లు, కనెక్టర్ల పిన్నులు, స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట్లు ఎలా ఉంటాయన్నది దానితో తేలదు. హార్బర్ బండికి తొట్టి కింద నీళ్లు పక్కకు పోయేలా ఒక రేకు, పైపు పెట్టించుకోవడం, వారానికోసారి మంచినీళ్లతో కింద కడగడం వారంటీ కాగితం కంటే ఎక్కువ పని చేస్తాయి. హై-ప్రెజర్ వాటర్ గన్ మాత్రం కనెక్టర్ల మీద వద్దు.

వేడి సంగతి కూడా ఇంతే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ వయసు మీరడం సుమారు రెట్టింపు వేగమవుతుందని ఇంజనీర్లు మోటు లెక్కగా చెబుతారు. మధ్యాహ్నం ఎండలో నిండుగా చార్జ్ చేసి అక్కడే వదిలేయడం అన్నిటికంటే చేటు. అయితే ఎల్ఎఫ్‌పీలో వోల్టేజి మధ్యలో దాదాపు ఒకేలా ఉండడం వల్ల మీటరు చూపించే శాతం మెల్లగా తప్పుతుంది. వారానికోసారి నూటికి నూరు నింపితేనే అది సరిదిద్దుకుంటుంది. రాత్రి నింపి పొద్దున్నే బయల్దేరే అలవాటుతో రెండూ కుదురుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారంలో ఎలక్ట్రిక్ పికప్ మీదే ఆధారపడిన వ్యాపారి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అయినా తుపాను హెచ్చరిక ముందే వస్తుంది కాబట్టి నింపిపెట్టుకున్న 40 యూనిట్లతో రెండు రోజులు సిటీలో మంచినీళ్లు పంచవచ్చు. బండి నుంచి బయటికి కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉంటే చిన్న పాల కేంద్రం ఫ్రిజ్‌లను నడపవచ్చు. కొనేటప్పుడు ఆ సదుపాయం ఉందో లేదో అడిగేవాళ్లు తక్కువ.

బ్యాటరీ మార్చాల్సి వస్తే ఏమిటన్నది కొనేముందే చూసుకోవాల్సిన ఇంకో లెక్క. బండితో కలిపి కొన్న బ్యాటరీకి పడే జీఎస్టీ 5 శాతం, విడిగా కొంటే 18. ఐదు లక్షల బ్యాటరీ మీద ఈ తేడా 65 వేలు. కాబట్టి 80 శాతానికి పడిపోగానే మార్చేయడం తెలివైన పని కాదు. 40లో మిగిలిన 32 యూనిట్లు, వాడుకోగలిగినవి 29, అనకాపల్లికి 60 వేగంలో రెండు ట్రిప్పులకు ఇంకా సరిపోతాయి. అవీ చాలనప్పుడు ఆ బండిని సిటీ దారిలోకి మార్చితే రోజుకు కావాల్సింది 13 నుంచి 17 యూనిట్లే గనుక మరికొన్నేళ్లు నడుస్తుంది. రెండు మూడు బండ్లున్న యజమానికి ఇది సులువు. ఒక్క బండి మీద బతికేవాళ్లకు ఆ వీలుండదు కాబట్టి, వారంటీలో సామర్థ్యం ఎంతకు పడిపోతే మార్చి ఇస్తారో, ఎన్నేళ్లకో, ఎన్ని కిలోమీటర్లకో సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.